తలుపు కొడితే ఎవరింటిదో తెలిసిపోతుంది



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్ అయిపోయాక ఒక తండ్రి నా దగ్గర ఆగారు. "మేడం, మావోడు హ్యాకింగ్ జేస్తుండు. రాత్రి చూస్తే నల్ల స్క్రీన్ మీద నంబర్లు ఉరుకుతున్నయి. నేను వైఫై బంద్ జేసిన" అన్నారు. బాబు తొమ్మిదో తరగతి. పక్కనే తల వంచుకుని నిలబడ్డాడు. నేనూ ఆలోచించకుండా, "ఇలాంటివి వద్దు నాన్నా, చదువు చూసుకో" అనేశాను. వాడు మెల్లగా, "మా ఇంట్లవే చూసిన మేడం" అన్నాడు. నేను ఇంకేమీ అడగలేదు.

ఆ మాట ఇంటికి వెళ్లాక కూడా నన్ను వదల్లేదు. మర్నాడు బాబును పిలిచి ఏం చేశావో చెప్పమన్నాను. వాడు ఎన్‌మ్యాప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోని రౌటర్‌ను, అక్క ల్యాప్‌టాప్‌ను, నాన్న దుకాణం లెక్కలు రాసే పాత కంప్యూటర్‌ను పరీక్షించాడు. ఆ పాత కంప్యూటర్ "నేను విండోస్ 7" అని జవాబిచ్చింది. పైగా దాని 445వ నంబర్ పోర్ట్ తెరిచి ఉంది. ఇది ఎందుకు భయపడాల్సిన విషయమో ఈ నెల పాఠంలో చూద్దాం.

పోర్ట్ అంటే ఏమిటి?

నెట్‌వర్క్‌లో ప్రతి కంప్యూటర్‌కు ఐపీ అడ్రస్ ఉంటుంది. అది ఇంటి నంబర్ లాంటిది. ఆ ఇంటికి 65,535 తలుపులు ఉన్నాయనుకోండి. వాటినే పోర్టులు అంటారు. ఒక్కో పనికి ఒక్కో తలుపు. వెబ్‌సైట్లకు 80, 443. విండోస్‌లో ఫైళ్లు పంచుకోవడానికి 445. విండోస్ కంప్యూటర్‌ను దూరం నుంచి నడపడానికి 3389. లినక్స్ సర్వర్లను దూరం నుంచి నడపడానికి ఎక్కువగా 22.

పోర్ట్ స్కానింగ్ అంటే ఈ తలుపులను వరుసగా కొట్టి చూడటం. కొడితే మూడింట్లో ఏదో ఒకటి జరుగుతుంది. "రండి" అంటే పోర్ట్ తెరిచి ఉంది. "ఇక్కడ ఎవరూ లేరు" అంటే మూసి ఉంది. అసలు చప్పుడే లేకపోతే మధ్యలో ఫైర్‌వాల్ అడ్డుకుంటోందని అర్థం చేసుకోవచ్చు. ఏ తలుపులు తెరిచి ఉన్నాయో చూస్తేనే సగం తెలిసిపోతుంది. 445, 3389 రెండూ తెరిచి ఉంటే అది విండోస్ అయ్యే అవకాశం ఎక్కువ.

జవాబును బట్టి ఎలా గుర్తుపడతారు?

మా టీచర్లకు ఒక అలవాటు ఉంటుంది. ఆన్సర్ షీట్ మీద పేరు చూడకుండానే అది ఎవరిదో చెప్పేస్తాం. అందరికీ ఒకటే సిలబస్, ఒకటే ప్రశ్న. కానీ ఒకరు మార్జిన్ వదలరు, ఒకరు ప్రతి లైన్ కింద గీత గీస్తారు. కంప్యూటర్లూ అంతే. ఇంటర్నెట్‌లో మాట్లాడుకునే నియమాలను 1981లో రాసి పెట్టారు. కానీ కొన్ని చిన్న విషయాలను తయారీదారులకే వదిలేశారు. అక్కడ విండోస్ ఒక పద్ధతి పట్టుకుంది, లినక్స్ ఇంకో పద్ధతి పట్టుకుంది. ఆ తేడానే చేతిరాతలా పట్టిస్తుంది.

వీటిలో అన్నిటికంటే సులువైనది టీటీఎల్ అనే అంకె. నెట్‌వర్క్‌లో వెళ్లే ప్రతి ప్యాకెట్ మీద ఒక అంకె ఉంటుంది. దారిలో ఒక్కో రౌటర్ దాటినప్పుడల్లా అది 1 తగ్గుతుంది. సున్నా అయితే ప్యాకెట్‌ను పారేస్తారు. లేకపోతే దారి తప్పిన ప్యాకెట్లు ఎప్పటికీ తిరుగుతూనే ఉంటాయి. ఈ అంకెను విండోస్ మామూలుగా 128తో మొదలుపెడుతుంది. లినక్స్, ఆండ్రాయిడ్, మ్యాక్, ఐఫోన్ 64తో మొదలుపెడతాయి. మీకు వచ్చిన జవాబులో 116 ఉంటే అది 128తో బయలుదేరి 12 రౌటర్లు దాటిందని లెక్క. 57 ఉంటే 64తో బయలుదేరి 7 దాటింది. ఐదో తరగతి తీసివేతలతో ఇంత తెలుస్తుంది!

కానీ 64 చూసి అది ఫోనా, లినక్స్ కంప్యూటరా అని చెప్పలేం. అందుకే ఎన్‌మ్యాప్ ఒక్క ప్రశ్నతో ఆగదు. 16 వరకు రకరకాల ప్యాకెట్లు పంపుతుంది. వాటిలో కొన్ని కావాలనే వింతగా ఉంటాయి. ఒకేసారి ఎంత డేటా తీసుకోగలనని అవతలి కంప్యూటర్ చెబుతోంది, అదనపు వివరాలను ఏ వరుసలో రాస్తోంది, మూసిన తలుపు కొడితే ఎలా స్పందిస్తోంది అన్నీ రాసుకుంటుంది. తర్వాత తన దగ్గరున్న వేల నమూనాలతో పోల్చి, "ఇది ఫలానా ఆపరేటింగ్ సిస్టమ్ కావచ్చు" అంటుంది. గోర్డన్ లయన్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ 1997లో ఎన్‌మ్యాప్‌ను విడుదల చేశారు. మరుసటి ఏడాది ఈ గుర్తుపట్టే విద్యను దానికి జోడించారు.

"కావచ్చు" అన్న మాట గుర్తుంచుకోండి. మన ఛత్రినాక గల్లీల్లో తలుపు కొడితే లోపలి నుంచి "కౌన్?" అని వినిపించవచ్చు. అంతమాత్రాన ఆ ఇంట్లో తెలుగు మాట్లాడరని చెప్పగలమా? పాతబస్తీలో పుట్టిన మనలో చాలామంది "కౌన్" అనే అంటాం కదా. అలాగే కంప్యూటర్ జవాబును కూడా మార్చి చూపించవచ్చు, మధ్యలో రౌటర్ మార్చేయవచ్చు. స్కాన్ చెప్పేది అంచనా మాత్రమే.

దీని వల్ల ఎవరికి నష్టం?

2017 మే 12, శుక్రవారం. వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచం మీద పడింది. అది 150కి పైగా దేశాల్లో లక్షల కంప్యూటర్లను తాళం వేసి, ఒక్కోదానికి 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి.

అది ఎలా పాకింది? ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర్లేదు. ఒక కంప్యూటర్‌లో దిగగానే అది చుట్టుపక్కల ఐపీ అడ్రస్‌లన్నిటికీ వెళ్లి 445వ తలుపు కొట్టింది. తలుపు తెరుచుకుంటే, లోపల రిపేరు చేయని విండోస్ ఉందా లేదా అని జవాబును బట్టి తేల్చుకుంది. ఉంటే లోపలికి దూరింది. అంటే మా స్టూడెంట్ ఇంట్లో చేసిన పరీక్షనే ఆ వైరస్ కూడా చేసింది. కాకపోతే వాడు తెలుసుకోవడానికి చేశాడు, అది దోచుకోవడానికి చేసింది.

బాధ కలిగించే విషయం ఇంకొకటి ఉంది. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. అంటే దాదాపు రెండు నెలల ముందు. అప్‌డేట్ వేసుకున్న కంప్యూటర్ తలుపు కొట్టినా వైరస్ లోపలికి రాలేకపోయింది. తన ఇంట్లో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తోందో యజమాని కంటే ముందు దొంగకు తెలిస్తే జరిగేది ఇదే.

ఇంట్లో పిల్లలతో కలిసి చేయండి

1. విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని టైప్ చేయండి. డీఫాల్ట్ గేట్‌వే ఎదురుగా కనిపించేది మీ రౌటర్ అడ్రస్. స్పెల్లింగులు ఇంగ్లీష్ పేజీలో ఉన్నాయి.

2. పింగ్ అని టైప్ చేసి, ఖాళీ వదిలి, ఆ అడ్రస్ రాయండి. జవాబులో టీటీఎల్ ఎంతుందో పిల్లలను చదవమనండి. చాలా ఇళ్లలో 64 వస్తుంది, ఎందుకంటే ఎక్కువ రౌటర్లలో నడిచేది లినక్సే.

3. అదే వైఫైలో ఉన్న మీ ఫోన్ అడ్రస్‌కు, ఇంకో ల్యాప్‌టాప్ అడ్రస్‌కు కూడా చేసి చూడండి. ఎవరు 64, ఎవరు 128 అని ఒక కాగితం మీద రాయించండి. విండోస్ ల్యాప్‌టాప్ అసలు జవాబివ్వకపోతే కంగారు వద్దు. దాని ఫైర్‌వాల్ పని చేస్తోందన్నమాట.

4. చివరగా ప్రతి పరికరం ఎదురుగా ఆపరేటింగ్ సిస్టమ్ పేరు, చివరిసారి అప్‌డేట్ చేసిన తేదీ రాయించండి. విండోస్ 7కు మామూలు అప్‌డేట్లు 2020 జనవరి 14తో, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. అలాంటి కంప్యూటర్ ఇంట్లో ఉంటే ముఖ్యమైన లెక్కలు, ఫొటోలు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి. కుదిరితే దాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచండి.

ఒక్క నియమం

మన ఇంట్లోవి మాత్రమే. పక్కింటి వైఫై, స్కూల్ ల్యాబ్, నాన్నగారి ఆఫీసు, నెట్ సెంటర్ ఏదీ ముట్టుకోకూడదు. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్‌లోకి దూరడం ఐటీ చట్టం 2000 ప్రకారం నేరం. సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా ఉన్నాయి. "నేను తలుపు కొట్టి మాత్రమే చూశాను" అన్న మాట ఎదుటివారికి వినిపించదు. రాత్రిపూట గల్లీలో ఇంటింటికీ తలుపు కొట్టుకుంటూ పోతే ఎవరైనా ఏమనుకుంటారు? పిల్లలకు ఇలాగే చెప్పండి, వెంటనే అర్థం చేసుకుంటారు. ఒకవేళ మీరే సైబర్ మోసానికి గురైతే 1930కి ఫోన్ చేయాలని కూడా చెప్పండి.

ఆ తండ్రిని నేను మళ్లీ స్కూల్‌కు పిలిపించి, తొందరపడి మాట్లాడినందుకు బాబు ముందే సారీ చెప్పాను. దుకాణం కంప్యూటర్ సంగతి వివరించాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కొడుకు వైపు తిరిగి, "మరి గప్పుడే జెప్పొద్దా?" అన్నారు. "చెప్తుంటే వైఫై బంద్ జేసినవ్ కద డాడీ" అన్నాడు వాడు. ఆ ఆదివారం ఇద్దరూ కూర్చుని ఆరేళ్ల లెక్కలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నారట.

మీ పిల్లలు నల్ల స్క్రీన్ ముందు కనిపిస్తే ప్లగ్ పీకే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఏ కంప్యూటర్‌ను చూస్తున్నావు?" మన ఇంటిదే అంటే పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. మీ ఇంట్లో తయారైన కాగితాన్ని డైరీలో పెట్టి పంపితే క్లాసులో అందరం కలిసి మాట్లాడుకుంటాం.

మీ పిల్లల క్లాస్ టీచర్,
ఛత్రినాక బ్రాంచ్