రంగు డబ్బా మూత ఇప్పుడే తీయకు

చిరంజీవి మేనల్లుడికి,



నువ్వు పంపిన ఫోటోలు కళ్ళజోడు పెట్టుకుని ఒకటికి రెండుసార్లు చూశాను. మీ తాతగారి అంబాసిడర్ ఇంజిన్ ఎట్టకేలకు రాయగడ షెడ్డులో బండి నుంచి దిగిందంటే సంతోషమే. పాత ఇనుము వాడికి ఇచ్చేద్దామని మీ నాన్న ఎప్పట్నుంచో అంటున్నాడు, నువ్వు సాగనివ్వలేదు. బాగుంది. కానీ ఒక ఫోటోలో బ్లాక్ పక్కన ఎర్ర రంగు డబ్బా కనిపించింది, దాని మీద క్రోమ్ చేయించాల్సిన సామాన్ల చీటీ కూడా. పిస్టన్లు చూస్తే ఇంకా లోపలే ఉన్నాయి. ఆ డబ్బా మూత తీసేలోపు ఈ ఉత్తరం పూర్తిగా చదువు.

మా ఫ్యాక్టరీ సంగతి నీకు తెలిసిందే. 1964లో మిగ్-21 ఇంజిన్ల కోసం ఈ సునాబెడ కొండల మీద పెట్టారు. విమానం నాసిక్‌లో, ఇంజిన్ ఇక్కడ, ఎలక్ట్రానిక్ సామాను హైదరాబాద్‌లో అని పని పంచుకున్నారు. ఆ విమానం 2025 సెప్టెంబరులో వాయుసేన నుంచి సెలవు తీసుకుంది, నేను దానికంటే ముందే తీసుకున్నాను. ఓవర్‌హాల్‌కి వచ్చిన ఇంజిన్‌కి అక్కడ ఒక వరుస ఉంటుంది. విప్పడం, కడగడం, పగుళ్ళు వెతకడం, కొలవడం, బాగుచేయడం. పూత ఆ తర్వాతే. ఎంత తొందరున్నా ఆ వరుస తప్పించరు. పూత పడ్డాక కింద ఉన్న పగులు మనిషి కంటికి దొరకదు కదా. నీ ఇంజిన్ ఆగిపోతే ఆకాశంలోంచి పడిపోవు, సుంకి ఘాట్‌లో రోడ్డు పక్కన నిలబడతావు, అంతే. అయినా వరుస మాత్రం అదే పెట్టుకో.

నీ చేతిలో ఉన్నది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కుటుంబం నుంచి వచ్చిన 1489 సీసీ బీఎంసీ ఇంజిన్. బోరు సుమారు 73 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9. బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే. మొండి ఘటం. సాలూరు దాటి ఘాట్ ఎక్కే టాక్సీలు మధ్యలో ఆపి, బానెట్ ఎత్తి, డబ్బాతో నీళ్ళు పోసి మళ్ళీ బయల్దేరడం మా తరం వాళ్ళందరం చూశాం. అంతగా కాగిన ఇంజిన్లలో హెడ్డు వంగి ఉండొచ్చు, వాల్వు సీట్ల మధ్య సన్నటి పగులు ఉండొచ్చు. తాతగారి బండి కూడా ఆ దారిలో తిరిగిందే. అందుకే ముందు చూడమంటున్నాను.

కడిగే ముందే చూడాల్సినవి ఉన్నాయి. మురికిలోనే సమాచారం ఉంటుంది. హెడ్డు తీయగానే నాలుగు సిలిండర్ల మసి పక్కపక్కన పోల్చు. ఒకటి మాత్రం తడిగా, జిడ్డుగా ఉంటే అక్కడ నూనె పైకొస్తోంది. ఒకటి మిగతావాటికంటే శుభ్రంగా, కడిగినట్టు ఉంటే నీళ్ళు దిగుతున్నాయేమో అని అనుమానించు. హెడ్డు ప్యాకింగ్ మీద రెండు సిలిండర్ల మధ్య నల్లటి దారి ఉందేమో చూడు. ఇవన్నీ ఫోటో తీసుకున్నాకే కిరసనాయిల్లో ముంచు. కడిగేస్తే ఆ సాక్ష్యం మళ్ళీ రాదు. అసలు రంగు తెలుసుకోవడానికీ ఇదే సమయం. డైనమో బ్రాకెట్టు కింద, వాటర్ పంపు వెనక ఎండా నూనే తగలని చోట గోటితో గీకితే ఫ్యాక్టరీ రంగు బయటపడుతుంది. దాన్ని ఫోటో తీసి, రంగుల కొట్టువాడి దగ్గర కలిపించు. ఎరుపు ఎందుకు వేయాలనుకున్నావో నాకు అర్థం కాలేదు గానీ, బండి నీది.

పుష్ రాడ్లు, వాటి కింద టాపెట్లు, వాల్వులు వేటి చోటు వాటిదే. ఇన్నేళ్ళు ఒకే జోడీతో రాసుకుని అరిగినవి. ఒక అట్టముక్కకి కన్నాలు పెట్టి, ముందు వెనక రాసి, వరుసగా గుచ్చు. అన్నీ ఒక తట్టలో పోసి కడిగావంటే, ఎంత తళతళలాడినా పాడైనట్టే లెక్క.

ఇప్పుడు కడగడం. బ్లాకులో నూనె దారుల చివర ఉండే బిరడాలన్నీ తీయించు. అవి తీయకుండా కడిగిన బ్లాకు కడగనట్టే. లోపల తారులా గడ్డకట్టిన నూనె ఉంటుంది. పొడుగాటి బ్రష్షు పెట్టి, కిరసనాయిలుతో, తర్వాత సబ్బు వేడినీళ్ళతో, ఆపైన గాలి కొట్టి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా. నీళ్ళ దారుల వెల్చ్ ప్లగ్గులు కూడా తీసి, లోపలి తుప్పు పెచ్చులు గీకి తీయి. బయట ఎంత రంగేసినా, ఆ పెచ్చులు లోపలుంటే ఘాట్‌లో నీళ్ళు మరుగుతాయి.

మీ వీధి మెకానిక్కు కాస్టిక్ సోడా తొట్టిలో వేస్తానన్నాడని రాశావు. పోత ఇనుము సామాన్లకి ఫరవాలేదు. కానీ ఆగు. దామన్‌జోడిలో నాల్కో వాళ్ళు ఏం చేస్తారో నువ్వు స్కూల్లో ఉండగా చూసొచ్చావు కదా. పంచపట్మాలి కొండ మీది బాక్సైట్‌ని వేడి కాస్టిక్ సోడాలో కరిగించే అల్యూమినా తీస్తారు. అదే కాస్టిక్ నీ తొట్టిలోనూ అదే పని చేస్తుంది. కార్బొరేటర్ ఒళ్ళు, పెట్రోలు పంపు, పిస్టన్లు అందులో పడ్డాయంటే బుడగలొచ్చి నల్లబడి, అంచులు తినేసుకుపోయి బయటికొస్తాయి. మీ ఎదురింటి వాళ్ళ ప్రీమియర్ పద్మినికైతే హెడ్డే అల్యూమినియం. ఏ సామాను దేంతో చేశారో తెలియకపోతే అయస్కాంతం పెట్టి చూడు. అంటుకోనిది ఏదీ ఆ తొట్టి దగ్గరికి పోకూడదు. అల్యూమినియానికి కిరసనాయిలు, పళ్ళు తోముకునే పాత బ్రష్షు, ఓపిక చాలు. ఇత్తడి ముక్కలకి మీ అమ్మమ్మ దీపపు కుందులు తోమే చింతపండే. తోమగానే కడిగేయి, నానబెట్టకు.

తుప్పు పట్టిన రేకు సామాన్లు, అంటే సంపు, రాకర్ కవరు, పుల్లీలు, బ్రాకెట్లు, వీటికి చవకైన దారి ఒకటుంది. ప్లాస్టిక్ తొట్టిలో నాలుగు లీటర్ల నీళ్ళకి పెద్ద చెంచాడు బట్టల సోడా కలుపు. వంటసోడా కాదు. బ్యాటరీ ఛార్జరు నెగిటివ్ తీగ నీ సామానుకి, పాజిటివ్ తీగ పనికిరాని ఇనుప ముక్కకి తగిలించు. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. రాత్రికి రాత్రి తుప్పు నల్లటి మడ్డిగా ఊడిపోతుంది, మంచి ఇనుము మాత్రం కరగదు. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకు, నీళ్ళలో క్రోమియం విషం దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట పెట్టు, దగ్గర్లో బీడీ వెలిగించేవాణ్ణి రానీకు. చిన్న చిన్న ముక్కలకైతే ఇంత తంటా కూడా అక్కర్లేదు, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో నానేస్తే చాలు.

ఇక నీ క్రోమ్ చీటీ. అందులో హెడ్డు స్టడ్డులు, కనెక్టింగ్ రాడ్ బోల్టులు రాశావు. వాటిని ఇప్పుడే కొట్టెయ్యి. గట్టి ఉక్కుని ఆమ్లంలో ముంచి ప్లేటింగ్ చేసినప్పుడు హైడ్రోజన్ లోహంలోకి దూరుతుంది. దాంతో ఉక్కు పెళుసవుతుంది. బిగించిన రోజు ఏమీ కాదు, తర్వాతెప్పుడో చెప్పాపెట్టకుండా విరుగుతుంది. విమానాల పనిలో ప్లేటింగ్ అయిన వెంటనే సుమారు 190 డిగ్రీల ఓవెన్‌లో గంటల తరబడి కాల్చి ఆ హైడ్రోజన్‌ని వెళ్ళగొడతారు. విశాఖలో నువ్విచ్చే ప్లేటింగ్ కొట్టులో ఆ ఓవెన్ ఉందో లేదో నువ్వే అడుగు. స్ప్రింగులు, రాడ్ బోల్టులు సాదాగా ఉండనీ, నూనె రాసి బిగించు. చూసేవాడు బానెట్ ఎత్తితే రాడ్ బోల్టు ఎలాగూ కనబడదు కదా? బ్రాకెట్లకీ మామూలు బోల్టులకీ జింక్ చేయించుకో, అభ్యంతరం లేదు.

పగుళ్ళు చూడటానికి మా దగ్గర పెద్ద ఏర్పాట్లుండేవి. నీకు కిరసనాయిలూ సుద్దపొడీ చాలు. రైల్వే వర్క్‌షాపుల్లో ఇరుసుల్ని ఒకప్పుడు ఇలాగే చూసేవారు. హెడ్డుని కిరసనాయిల్లో బాగా నాననిచ్చి, పైన పొడిగా తుడిచి, సుద్దపొడి పల్చగా చల్లి వదిలెయ్యి. పగులు ఉంటే అందులోకి దిగిన కిరసనాయిలు మెల్లగా పైకొచ్చి తెల్లటి పొడి మీద సన్నటి తడి గీత గీస్తుంది. క్రాంక్‌షాఫ్టుని, రాడ్లని తాడుకి వేలాడదీసి చిన్న సుత్తితో తట్టి చూడు. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తారే, అలాగే. గణగణమంటే మంచిది. బొదబొదమంటే విశాఖ ఆటోనగర్‌లో రంగు ద్రవం పోసి పరీక్ష చేయించాల్సిందే.

కొలతలు కూడా అక్కడే చేయించు. బోరు పైన, మధ్యన, కింద, రెండు దిక్కులా కొలవమను. ఎంత అరిగింది, ఎంత గుండ్రం తప్పింది, కాగితం మీద రాసిమ్మను. నోటిమాటగా ‘చిన్న బోరింగ్ చాలు’ అంటే ఊరుకోకు. ఇంతకుముందు ఎవరైనా బోరు చేయించారేమో పిస్టన్ తల మీద అంకె చూడు. అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన 10, 20, 30, 40 అని ఉంటాయి. 40 ఉండి బోరు మళ్ళీ అరిగి ఉంటే ఇక స్లీవు వేయించాలి. ముందు పిస్టన్లు కొని చేతికిచ్చి, ఆ తర్వాతే బోరు చేయించు. పాత సీసం పెట్రోలు మన దేశంలో 2000లోనే పోయింది కాబట్టి, ఎగ్జాస్టు వాల్వులకి గట్టి సీట్లు వేయించడం మంచిది. డబ్బు మిగుల్చుకోవాలనుంటే రంగులో మిగుల్చుకో, ఇక్కడ వద్దు.

సీసం మాట వచ్చింది కాబట్టి ఆరోగ్యం సంగతీ చెప్తాను. ఆ కాలపు మసిలో సీసం ఉంటుంది. పాత ప్యాకింగుల్లో, క్లచ్ ప్లేటు లైనింగులో ఆస్బెస్టాస్ ఉంటుంది. పొడిగా వైరు బ్రష్షు పెట్టి రుద్దకు, గాలి కొట్టి ఎగరగొట్టకు. తడిపి గీకు. ఇసుక బ్లాస్టింగ్ చేయించేటప్పుడు ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుంది, మూతికి జేబురుమాలు కట్టుకుంటే సరిపోదు. ఇంజిన్‌కైతే ఆ ఇసుక ఇంకా ప్రమాదం. రాకర్ కవరు లోపల మడతలో దాక్కున్న గుప్పెడు ఇసుక చాలు, బేరింగులు నలిగిపోవడానికి. బ్లాకుని బ్లాస్టింగ్‌కి ఇవ్వనే ఇవ్వకు.

ఇప్పుడు రంగు. ఈ వానల్లో వేయకు. మీ రాయగడ కింద నాగావళి ఒడ్డున కాస్త నయం గానీ, మా కొండ పైన శ్రావణంలో కడిగి తుడిచిన ఇనుము మధ్యాహ్నానికి ఎర్రబడుతుంది. తేమలో కొట్టిన రంగు పాలు పోసినట్టు తెల్లబారుతుంది. కడిగిన ప్రతి సామానుకీ నూనె పూసి, ప్లాస్టిక్ సంచిలో కట్టిపెట్టు. కార్తీకం వచ్చాక ఎండ చూసుకుని, నూనె మళ్ళీ పూర్తిగా కడిగేసి, పల్చటి ప్రైమరు, రెండు పల్చటి పూతలు. ప్యాకింగు కూర్చునే ముఖాలకీ, బ్యాటరీ ఎర్త్ తగిలే చోటుకీ, స్టార్టరు కూర్చునే చోటుకీ టేపు అంటించు. అక్కడ రంగు పడితే సెల్ఫ్ తిరగక మెకానిక్కు నీ బ్యాటరీని తిడతాడు. ఎగ్జాస్టు మానిఫోల్డుకి మామూలు ఎనామెల్ వేస్తే మొదటి రోజే కాలి పొగ వస్తుంది. దానికి 600 డిగ్రీలు తట్టుకునే వెండి రంగు కొను, డబ్బా మీద రాసినట్టు మెల్లగా వేడిచేసి ఆరబెట్టు. రేడియేటరుకి పల్చటి నలుపు ఒక్క చేయి చాలు. రంగు దట్టమైతే వేడి బయటికి పోదు.

మెరుపు ఎంతవరకు అంటావా, నా అభిప్రాయం చెప్తాను. ఫ్యాక్టరీలో ఎలా వచ్చిందో అంతవరకే. ఆ రోజుల్లో పోత ఇనుము మీది గరుకుని ఎవరూ పుట్టీ పెట్టి నున్నగా చేయలేదు. నువ్వూ చేయకు.

వచ్చే వారం బ్లాకు, క్రాంకు, హెడ్డు విశాఖ పంపు. జర్నల్స్‌కి నూనె గుడ్డ చుట్టడం మరచిపోకు. ఎస్‌యూ కార్బొరేటర్‌ని మాత్రం ముట్టుకోకు. అందులోని పిస్టనూ దాని పైన బోర్లించిన గిన్నే ఒకదానికొకటి జత చూసి కూర్చిన జోడీ. లోపల ఎమరీ కాగితం తగిలిందంటే ఇక ఆ జోడీ పనికిరాదు. దీపావళికి నేను రాయగడ వస్తాను. అప్పుడు ఇద్దరం కూర్చుని విప్పుదాం.

మీ మావయ్య