లేబర్ రూమ్‌లో నీ పక్కన ఎవరుంటారమ్మా?

నెలలు నిండుతున్నాయంటే మనకి నొప్పుల భయం ఒకెత్తు, లేబర్ రూమ్ భయం ఒకెత్తు. కాదంటావా చెల్లీ? తలుపు మూసేశాక అమ్మ బయట బెంచీ మీద, ఆయన మెట్ల దగ్గర. లోపల మనం, ముక్కూ మొహం తెలియని మనుషులూ. నొప్పికి తాళలేక అరిస్తే "నువ్వొక్కదానివే కంటున్నావా?" అని గద్దింపు. మన అక్కల్నీ వదినల్నీ అడిగి చూడు, కుట్ల నొప్పి మర్చిపోయారు గానీ ఆ మాట మర్చిపోలేదు.

కాబట్టి ముందు ఈ సంగతి తెలుసుకో. ప్రభుత్వాసుపత్రిలో కాన్పప్పుడు మన పక్కన తోడుగా ఒకరిని ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే చెప్పింది. తోడొచ్చే ఆవిడ వీలైనంతవరకు తను కూడా ఒక పురుడు పోసుకున్న మనిషైతే మంచిది, అంటురోగాలుండకూడదు, ఉతికిన బట్టలు కట్టుకోవాలి, డాక్టర్ల పనికి అడ్డు రాకూడదు. మిగతా ఆడవాళ్ల మరుగుకి ఇబ్బంది లేని చోట భర్తనైనా రానివ్వచ్చు.

మరి ఎవర్ని తీసుకెళ్దాం? అమ్మే కానక్కర్లేదు. మనకన్నా ముందు ఆవిడే ఏడ్చేస్తే ఎలా? పిన్నో, వదినో, గుండె నిబ్బరమున్న మనిషిని చూసుకో. నొప్పొచ్చినప్పుడల్లా నడుం కింద అరచేత్తో గట్టిగా అదిమి పట్టాలి, మధ్యలో గుక్కెడు నీళ్లివ్వాలి, "ఇదిగో, తగ్గిపోతోంది, ఊపిరి వదులు" అంటూ ఉండాలి. అంతే పని. అలా ఒకరు మొదట్నుంచీ పక్కనుంటే కాన్పు కాస్త తొందరగా అవుతుందనీ, సిజేరియన్లు తగ్గుతాయనీ పరిశోధనల్లో తేలింది కూడా.

ఇక రెండో బెంగ, కోత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లే, ఆంధ్రప్రదేశ్‌లో 42. ఆపరేషన్ తప్పని రోజుంటుంది, అప్పుడది తల్లీబిడ్డల ప్రాణం కాపాడుతుంది. ఆ క్షణాన వాదన పెట్టుకోకు. కానీ ముందే తేదీ ఇచ్చేస్తే మాత్రం నెమ్మదిగా అడుగు: "ఎందుకండీ? కొన్నాళ్లు ఆగితే ఏమవుతుంది?" అడిగితే డాక్టరుగారు ఏమనుకుంటారోనని మొహమాటపడతాం మనం. ఒళ్లు మనదమ్మా, అడగాలి!

కాన్పయ్యాక ఇంకోటుంది. "బిడ్డ క్షేమంగా ఉందిగా, ఇంకా ఏడుపెందుకు?" అంటారు ఇంట్లో. బిడ్డ క్షేమమే, మరి మన మనసు? లోపల జరిగింది ఎవరో ఒకరికి చెప్పుకో, దాచుకోకు. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, నిద్ర పట్టకపోతే డాక్టరుకి చెప్పు. మనసు బాధలు చెప్పుకోవడానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

సరే, ఇప్పుడు చెప్పేది విను. ఈసారి చెకప్‌కి నీతో లోపలికొచ్చే మనిషిని వెంటబెట్టుకెళ్లు. "కాన్పప్పుడు ఈవిడ నా దగ్గరుంటుందండీ" అని నర్సమ్మకి చెప్పు. వాళ్లూ మన అక్కచెల్లెళ్లే, రద్దీలో విసుక్కుంటారు గానీ ముందే మంచిగా చెబితే వింటారు. పేరు రాయించే ఇంటికి రా.