కనుమనాటి విందు

సంక్రాంతి మరునాడు కనుమ. కోస్తా జిల్లాలలో పెక్కు ఇండ్లలో ఆనాడు మాంసము వండుదురు. పండుగకు చేరిన బంధుమిత్రులలో మాంసము ముట్టనివారును ఉందురు. వారికి పెరుగన్నమే గతియైనచో ఆ యింటి మర్యాద యేమగును?

అందుచేత తెలిసిన గృహిణి అందరును తినదగిన వంటకములను ముందు నిర్ణయించును. కనుమనాడు మినుము తినవలెనని పెద్దల మాట. గారెలు లేని కనుమ లేదు. మినపపప్పు 4 గంటలైనను నానవలెను గనుక వేకువనే నీట వేయుదురు. ఆ గారెలనే కొందరు కోడికూరతోను, కొందరు అల్లపుపచ్చడితోను తిందురు. పప్పు, పులిహోర, గుమ్మడికాయ పులుసు, పెరుగు ఎల్లరకును చెల్లును. ఉల్లి, వెల్లుల్లి సైతము తిననివారు కొందరు కలరు. వారిని ముందుగానే అడిగి తెలిసికొనవలెను.

చిక్కంతయు గరిటెతోనే. కోడికూరలో ముంచిన గరిటె మరపున పప్పులో పడెనా, ఆ గిన్నెడు పప్పును శాకాహారులు ముట్టరు. విస్తళ్లు వేసిన పిమ్మట మరల వండుటకు వ్యవధి యెక్కడిది? కావున శాకపాకములు ముందు ముగించి మూతలు పెట్టుదురు. మాంసమునకు పెరటిలో వేరు పొయ్యి, వేరు గిన్నెలు, వేరు గరిటెలు. మాంసము వేయించిన నూనెలో గారెలు వేయరు.

వడ్డనలో పప్పు, పులిహోర ముందు నడచును. కోడికూర పట్టినవాడు కడపట వచ్చి, ప్రతి విస్తరి యొద్దను ఆగి, అడిగి వడ్డించును.