నయమైంది కదా అని మందులు ఆపకండి
(స్కిజోఫ్రీనియా రోగుల కుటుంబసభ్యులకు)



మీ ఇంట్లో ఒకరికి స్కిజోఫ్రీనియా ఉందని డాక్టరు గారు చెప్పినప్పుడు ఆ పేరు మీకు కొత్తగా అనిపించి ఉంటుంది. పేరు కొత్తదైనా ఈ వ్యాధి అరుదైనది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 300 మందిలో ఒకరికి ఇది ఉంది. చదువుకున్నవారికీ, కూలి చేసుకునేవారికీ, దైవభక్తి గల కుటుంబాలవారికీ వస్తుంది. ఎక్కువగా యవ్వనంలో, అంటే చదువు ముగించి ఉద్యోగమో పెళ్లో అనుకునే వయసులో మొదలవుతుంది. అందుకే ఇంటిల్లిపాదీ కుంగిపోతారు.

ఎలా గుర్తించాలి?

* ఎవరూ లేకపోయినా చెవిలో మాటలు వినబడటం, వాటికి జవాబు చెబుతూ తనలో తాను మాట్లాడుకోవడం, నవ్వుకోవడం.
* ఎవరో తనను చంపాలని చూస్తున్నారని, అన్నంలో ఏదో కలిపారని, అందరూ తన గురించే చెప్పుకుంటున్నారని గట్టిగా నమ్మడం.
* మాటలకు పొంతన లేకపోవడం.
* స్నానం, పని, స్నేహితులను వదిలేసి ఒక మూలన కూర్చోవడం.

చివరిదాన్ని చాలామంది బద్ధకం అనుకొని తిడతారు. అది కూడా వ్యాధి లక్షణమే.

ఎందుకు వస్తుంది?

మెదడు కణాల మధ్య కబురు మోసే రసాయనాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ముఖ్యంగా డోపమైన్ పనితీరులో తేడా రావడం వల్ల లేని మాటలు వినబడతాయి, లేని భయాలు పుడతాయి. కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వచ్చే అవకాశం కొంత ఎక్కువ. గంజాయి తాగితే ప్రమాదం పెరుగుతుంది. చేతబడి వల్లనో, గాలి సోకడం వల్లనో, తల్లి పెంపకం బాగాలేకనో ఇది రాదు. పెళ్లి చేస్తే కుదురుతుందనే మాట కూడా నమ్మకండి. వ్యాధి దాచి పెళ్లి చేస్తే రెండు కుటుంబాలు కష్టపడతాయి.

చికిత్స ఏమిటి?

1952లో పారిస్ నగరంలో క్లోర్‌ప్రోమజైన్ అనే మందును మొదటిసారి ఇలాంటి రోగులకు ఇచ్చి మంచి ఫలితం చూశారు. అప్పటినుంచి హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, ఒలాంజపిన్ వంటి అనేక మందులు వచ్చాయి. నిద్ర, ఆవేశం కొద్ది రోజుల్లోనే కుదుటపడవచ్చు. చెవిలో మాటలు, అనుమానాలు తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది. మాత్రలు వేసుకోనివారికి రెండు నుంచి నాలుగు వారాలకొకసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి. ఇతర మందులకు తగ్గనివారికి క్లోజపిన్ ఇస్తారు. దానికి క్రమం తప్పకుండా రక్తపరీక్ష చేయించాలి. కొందరికి మత్తు ఇచ్చి కరెంటు చికిత్స చేస్తారు. రోగికి ఆ నొప్పి తెలియదు.

మందుల వల్ల నిద్రమత్తు, చేతులు వణకడం, చొంగ కారడం, బరువు పెరగడం, స్త్రీలకు నెలసరి తప్పడం వంటివి రావచ్చు. కొందరికి మెడ ఒక పక్కకు తిరిగిపోయి కళ్లు పైకి నిలిచిపోతాయి. అది చూసి దయ్యం అనుకోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకొస్తే ఇంజెక్షన్‌తో త్వరగా తగ్గుతుంది. తీవ్రమైన జ్వరంతో ఒళ్లు కొయ్యబారినా ఆలస్యం చేయకండి.

అసలు ప్రమాదం ఎక్కడ?

మూడు నాలుగు నెలల్లో మనిషి మామూలుగా తింటాడు, నిద్రపోతాడు, పనికి వెళ్తాడు. అప్పుడు ఇంట్లో అనుకుంటారు: "బాగయ్యాడు కదా, ఇంకా మందులెందుకు?" ఖర్చు, దూరం, చుట్టాల మాటలు కూడా తోడవుతాయి. మందు ఆపిన మర్నాడే ఏమీ జరగదు. కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు బాగానే గడుస్తాయి. మానడమే మంచిదైందని మీకు అనిపిస్తుంది. తరువాత వ్యాధి తిరగబెడుతుంది. ఇలా తిరగబెట్టిన ప్రతిసారీ కోలుకోవడం కష్టం కావచ్చు, ఉద్యోగమూ చదువూ పోవచ్చు. బి.పి., షుగరు మందుల్లాగే ఇవి వ్యాధిని అదుపులో ఉంచుతాయి. మొదటిసారి వచ్చినవారు కూడా బాగైన తరువాత కనీసం ఒకటి రెండేళ్లు వాడాలి. పలుమార్లు వచ్చినవారు అయిదేళ్లు, అంతకంటే ఎక్కువ కాలం వాడవలసి రావచ్చు. తగ్గించాలన్నా డాక్టరు గారే మెల్లమెల్లగా తగ్గించాలి.

ఇంట్లో మీరు చేయవలసినవి

* మాత్ర చేతిలో పెట్టి, మింగేవరకు దగ్గర ఉండండి.
* వినబడే మాటల గురించి వాదించకండి, అవునని కూడా అనకండి. "నాకైతే వినబడటం లేదు. నీకు భయంగా ఉందని అర్థమవుతోంది" అనండి.
* ఎప్పుడూ తప్పులెంచే ఇంట్లో వ్యాధి త్వరగా తిరగబెడుతుంది. చిన్న పని అప్పగించి, చేసినప్పుడు మెచ్చుకోండి.
* పోయినసారి వ్యాధి ఎలా మొదలైంది? నిద్ర పట్టకపోవడమా, అనుమానమా, అన్నం మానడమా? రాసి పెట్టుకోండి. అది మళ్లీ కనబడితే తారీఖు వరకు ఆగకుండా రండి.
* చనిపోతానని అంటే తేలికగా తీసుకోకండి. ఒంటరిగా వదలకండి. పురుగుల మందు అందుబాటులో ఉంచకండి. టెలిమానస్ ఉచిత నంబరు 14416కు ఏ సమయంలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.
* కట్టేయకండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో అగ్నిప్రమాదం జరిగినప్పుడు గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు తప్పించుకోలేక 28 మంది మరణించారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది.

ప్రార్థన, మందు

ప్రార్థన మానమని మేము చెప్పడం లేదు. ఈ ఆసుపత్రిలో మేమూ ప్రార్థిస్తాము. ఉపవాస కూటమికి వెళ్లినా మాత్ర మాత్రం వేయించండి. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు. సువార్త రాసిన లూకా కూడా వైద్యుడే.

పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకొచ్చి, ఇంటికప్పు విప్పి యేసు ముందు దించిన సంగతి మీకు తెలుసు. అతడు తనంతట తాను రాలేడు. స్కిజోఫ్రీనియా ఉన్న చాలామందికి తమకు జబ్బు ఉందనే తెలియదు కనుక వారూ తమంతట తాము రాలేరు. వారిని మోసేవారు మీరే. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ గారు రోగుల ఇంటివారిని ఆవరణలోనే గుడారాల్లో ఉంచి చికిత్సలో భాగస్వాములను చేశారు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల మానసిక వైద్యశాలలోనూ రోగితోపాటు ఇంటివారు ఉండటం ఎంతోకాలంగా ఉన్న పద్ధతి.

మోసేవారూ అలసిపోతారు. భారమంతా తల్లి మీదో భార్య మీదో వదలకుండా పంచుకోండి. మందుల ఖర్చు భారమైతే, మానేసే ముందు మాతో చెప్పండి. తక్కువ ధరలో దొరికే మందులు ఉన్నాయి. ఈసారి వచ్చేటప్పుడు మిగిలిన మాత్రలు, పాత చీటీలు, మీ సందేహాలు రాసిన కాగితం తప్పక తెచ్చుకోండి.