బొమ్మలోని బేతాళుడు – తెరమీది బేతాళుడు
(ఒక తులనాత్మక పరిశీలన)

ఈ సంవత్సరం మా తరగతిలో ఒక విద్యార్థి పాఠ్యప్రణాళికలో లేని ప్రశ్న వేశాడు. జపాను దేశపు బొమ్మల కథ 'బెర్సెర్క్' గొప్పదా, దానిని కదిలే బొమ్మలుగా మార్చిన రూపం గొప్పదా అన్నది ఆ ప్రశ్న. కెంతారో మియురా 1989లో ఆరంభించి, 2021లో మరణించే వరకు గీస్తూ వచ్చిన చీకటి కథ అది. 1997లో దానిని 25 భాగాల ధారావాహికగా తీశారు. అక్కడివారు మొదటి రూపాన్ని మాంగా అనీ, రెండవ దానిని అనిమే అనీ అంటారు. ప్రశ్న మంచిదే. అయితే పొరుగింటి దీపాన్ని పరీక్షించే ముందు మన ఇంటి దీపాన్ని చూసుకోవడం మేలని మాకు తోచింది. శ్మశానం, శవం, అర్ధరాత్రి, మాట్లాడే భూతం – ఈ సామగ్రి అంతా మన బేతాళ కథలలోనే ఉన్నది. అది అచ్చుబొమ్మగానూ వచ్చింది, కదిలే బొమ్మగానూ వచ్చింది. కనుక ఆ రెండింటిని పోల్చి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మూలకథ

ఈ కథల పుట్టుక మన దక్కను నేలతో ముడిపడి ఉన్నది. సాతవాహనుల ఆస్థానానికి చెందిన గుణాఢ్యుడు పైశాచీ భాషలో బృహత్కథను రచించాడని సంప్రదాయం చెబుతున్నది. ఆ గ్రంథం నేడు లభ్యం కాదు. పదకొండవ శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు సంస్కృతంలో రచించిన కథాసరిత్సాగరంలో బేతాళ కథలు మనకు దొరుకుతున్నాయి. అందులోని రాజు త్రివిక్రమసేనుడు; అతని రాజధాని గోదావరీ తీరాన ఉన్న ప్రతిష్ఠానపురం. తరువాతి కాలంలో ఆ రాజే విక్రమార్కుడుగా ప్రసిద్ధి కెక్కాడు.

ఉర్దూ చదివే మన విద్యార్థులు గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఈ కథలను సూరతి మిశ్రుడు వ్రజభాషలోకి తెచ్చాడు. దానిని ఆధారం చేసుకొని కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో మజ్హర్ అలీ ఖాన్ 'విలా', లల్లూలాల్ అనే ఇద్దరు పండితులు కలిసి హిందుస్తానీలో 'బైతాల్ పచ్చీసీ'ని సిద్ధం చేశారు. అది 1805లో అచ్చయింది. ఒక కథకు ఎన్ని భాషలు భుజం పట్టాయో చూడండి. ఇది మా కథ, అది మీ కథ అని గీత గీసేవారికి ఈ చరిత్ర ఒక్కటే చాలినంత సమాధానం.

కథాబంధం అందరికీ తెలిసినదే. ఒక భిక్షువు రాజుకు రోజూ ఒక ఫలాన్ని కానుకగా ఇస్తాడు. ఆ ఫలంలో రత్నం ఉన్నదని ఒకనాడు బయటపడుతుంది. ప్రతిఫలంగా భిక్షువు కోరినది శ్మశానంలో చెట్టుకు వేలాడే శవాన్ని. శవంలోని బేతాళుడు దారిలో కథ చెప్పి, చివర ప్రశ్న వేస్తాడు. తెలిసి చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెబితే మౌనం భంగమై శవం చేజారుతుంది. మాట్లాడినా నష్టమే, మాట్లాడకపోయినా నష్టమే. ఈ ఇరుకులోనే కథ ప్రాణమంతా ఉన్నది.

అచ్చుబొమ్మ

నాగిరెడ్డి, చక్రపాణిగార్లు 1947 జూలైలో 'చందమామ'ను స్థాపించారు. 1951లో 'పాతాళభైరవి'ని నిర్మించినవారు కూడా వీరే. అంటే కాగితం బలమూ, తెర బలమూ రెండూ ఎరిగినవారు. కొడవటిగంటి కుటుంబరావుగారు సంపాదక బాధ్యత వహించిన కాలంలో చందమామలో బేతాళ కథలు నెలనెలా వచ్చాయి. మూలంలోని కథలు అయిపోయిన తరువాత కూడా కొత్త కథలను అదే చట్రంలో బిగించి కొన్ని వందలు ప్రకటించారు. భిక్షువు దాదాపుగా కనుమరుగైనాడు. మిగిలినవారు రాజు, శవం, ప్రశ్న.

ఈ కథలకు శాశ్వత రూపం ఇచ్చినవారు చిత్రకారులు శంకర్. వారి పూర్తి పేరు కె. సి. శివశంకరన్. 2020లో మరణించారు, 2021లో వారికి మరణానంతరం పద్మశ్రీ లభించింది. వారి బొమ్మలో రాజు చేతిలో కత్తి ఉంటుంది, భుజాన శవం వేలాడుతుంది, చుట్టూ మెలికలు తిరిగిన చెట్లు, పుర్రెలు, పాములు. అయినా రాజు ముఖంలో భయం కనిపించదు. అడుగు ముందుకే పడుతుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. బొమ్మలో శవం శవంగానే ఉన్నది. మాట ఎక్కడి నుండి వస్తున్నదో, ఆ గొంతు ఎలాంటిదో చిత్రకారుడు చెప్పడు. ఆ గొంతును పాఠకుడే ఇవ్వాలి. పదేళ్ళ పిల్లవాడు తాను మోయగలిగినంత భయాన్నే ఆ గొంతులో పెట్టుకుంటాడు. మరుసటి నెల వరకు ఆ బొమ్మ కదలదు. ఆ కదలకపోవడం వల్లనే అది మనసులో నిలిచిపోతుంది.

తెరమీది బొమ్మ

1985లో దూరదర్శన్‌లో 'విక్రమ్ ఔర్ బేతాళ్' అనే హిందీ ధారావాహిక ప్రసారమైంది. రామానంద్ సాగర్ సంస్థ నిర్మించిన ఈ కార్యక్రమంలో అరుణ్ గోవిల్ విక్రముడుగా, సజ్జన్ బేతాళుడుగా నటించారు. ఇది చందమామకు అనుసరణ కాదు, ఒకే మూలానికి మరొక శాఖ. కనుక మా పోలిక కథను గూర్చి కాదు, కథ చెప్పే సాధనాన్ని గూర్చి.

తెరమీద బేతాళుడు శవం కాదు. తెల్లని జుట్టుతో, నవ్వుతో రాజు వీపునెక్కిన ఒక వింత వ్యక్తి. కొంతసేపటికే మనకు చుట్టమైపోతాడు. అతడు నవ్వితే పిల్లలు నవ్వుతారు, ఎగిరిపోతే చప్పట్లు కొడతారు. చీకటి అక్కడ వినోదంగా మారింది.

అయినంత మాత్రాన తెరను తక్కువ చేయడం న్యాయం కాదు. చందమామ చదవడానికి తెలుగు అక్షరాలు రావాలి. మా ఇంట్లో నానీకి తెలుగు చదవడం రాదు. దోమలో గానీ, పరిగి, తాండూరులలో గానీ దక్కనీ మాట్లాడే ఇళ్ళలో ఇటువంటి పెద్దవారు ఎందరో. అటువంటి వారికి తెరమీది మాట నేరుగా చెవికెక్కుతుంది. ఈ కథలు అసలు నోటి నుండి చెవికి చేరినవే కదా! పుస్తకం తీసుకున్న గొంతును తెర తిరిగి ఇచ్చింది. ఇది చిన్న మేలు కాదు.

తారతమ్యం

మరి తెర పోగొట్టినది ఏమిటి? మా దృష్టిలో అది భయం కాదు, విరామం. తెరమీద బేతాళుడు అడిగిన కొద్దిసేపటికే విక్రముడు జవాబు చెప్పేస్తాడు. చూసేవాని నోరు తెరవవలసిన అవసరం రాదు. అచ్చుకథలో ప్రశ్నకూ జవాబుకూ మధ్య పాఠకుడు తలచినంత కాలం ఉన్నది. మా చిన్నతనంలో పాత చందమామలను దక్కనీలోకి మార్చి నానీకి చదివి వినిపించేవాళ్ళం. ప్రశ్న వచ్చిన చోట ఆమె పుస్తకం మీద అరచేయి పెట్టేది. ఇంట్లో ప్రతి ఒక్కరూ తమ జవాబు చెప్పిన తరువాతనే ఆ చేయి లేచేది. రాజుగారి జవాబు ఆమెకు నచ్చని రోజులు కూడా ఉండేవి.

ఆ పద్ధతినే ఈ ఏడాది మేము తరగతిలో అనుసరించాము. సోమదేవుని గ్రంథంలోని తలలు మారిన కథను ఎన్నుకున్నాము. మదనసుందరి భర్తా, సోదరుడూ దేవి గుడిలో తలలు నరుక్కుంటారు. దేవి వరంతో ఆమె తొందరలో తలలు తారుమారు చేసి అతికిస్తుంది. ఇద్దరూ బ్రతుకుతారు. ఇప్పుడు భర్త ఎవరు? అక్కడ చదవడం ఆపాము. అవయవాలలో శిరస్సు ప్రధానం కనుక భర్త తల ఉన్నవాడే భర్త అన్నది రాజు తీర్పు. కానీ ఆ తీర్పుతో ప్రశ్న తీరిపోలేదు. జర్మన్ రచయిత థామస్ మాన్ 1940లో దీనిని నవలికగా విస్తరించాడు. ఆ దారిలోనే గిరీష్ కర్నాడ్ 'హయవదన' నాటకం వచ్చింది.

మా తరగతిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరి బెంచీలో కూర్చునే, ఏనాడూ నోరు తెరవని ఒక విద్యార్థిని లేచి, సగం తెలుగులో సగం దక్కనీలో, "తల సంగతి సరే సార్, ఆమెను ఎవ్వరూ అడగలేదు కదా!" అన్నది. ఆ మాట సోమదేవునికి తట్టలేదు. ఇన్నేళ్ళుగా పాఠం చెబుతున్న మాకూ తట్టలేదు.

ముగింపు

ఆ అమ్మాయికి అంతకు ముందు పాఠాలలో జవాబులు తెలియకపోలేదు. తెలుగు తప్పు పోతుందేమో, నలుగురూ నవ్వుతారేమో అన్న సంకోచం ఆమెను కట్టివేసింది. ఇంట్లో చదువుకున్న మొదటి తరం మన పిల్లలలో అనేకులది ఇదే స్థితి. తెలిసి చెప్పకపోతే తల పగులుతుందన్న బేతాళుని మాటను మేము ఇప్పుడు శాపంగా చదవడం లేదు. తెలిసినదానిని లోపలే దాచుకున్నవాని తల ఎట్లా బరువెక్కుతుందో చెప్పే సత్యంగా చదువుతున్నాము.

చందమామ ముద్రణ నేడు లేదు. తెర మాత్రం ప్రతివాని అరచేతిలోకి వచ్చింది. కాబట్టి విద్యార్థి మిత్రులారా, తెర చూడవద్దని మేము చెప్పము. పాత తెరకు లేని సౌకర్యం మీ చేతిలో ఉన్నది; వ్రేలితో దానిని ఆపవచ్చు. బేతాళుని కథ అయినా, జపాను కథ అయినా, ప్రశ్న వచ్చిన చోట ఆపండి. మీ జవాబు పైకి చెప్పండి. ఉర్దూలో చెప్పినా సరే, తెలుగులో తడబడుతూ చెప్పినా సరే. శవం చెట్టెక్కితే ఎక్కనివ్వండి. మళ్ళీ వెళ్ళి తెచ్చుకునేవాడే విక్రమార్కుడు.