రక్తదానం తరువాత ఆ పదిహేను నిమిషాలు

కొన్నేళ్ల క్రితం నేను డ్యూటీలో ఉండగా జరిగిన సంగతి. తల్లి ఆపరేషను కోసం రాత్రి బస్సులో వచ్చిన కుర్రవాడు రక్తం ఇచ్చాడు. "తిన్నావా బాబూ?" అని అడిగితే "తిన్నాను సిస్టర్" అన్నాడు. అతడు తిన్నది ముందు రోజు రాత్రి! సూది తీయగానే తల్లిని చూడాలని తొందరగా వెళ్లి, మెట్ల మీద స్పృహ తప్పి పడ్డాడు. గడ్డానికి మూడు కుట్లు పడ్డాయి. తప్పు అతనిది కాదు, అతణ్ణి లేవనిచ్చిన మాది.

ఎందుకిలా జరుగుతుంది?
భయం, నొప్పి, ఆకలి, నిద్రలేమి కారణంగా నాడి నెమ్మదించి, రక్తనాళాలు వదులై బి.పి. పడిపోతుంది. మొదటిసారి ఇచ్చేవారిలో, చిన్న వయసువారిలో, బరువు తక్కువవారిలో ఇది ఎక్కువ.

ముందు జాగ్రత్తలు
1. "తిన్నారా?" అని కాదు, "ఎప్పుడు, ఏమి తిన్నారు?" అని అడగండి.
2. దానానికి ముందు అర లీటరు నీరు త్రాగించండి.
3. పడుకున్నప్పుడు తొడల కండరాలను బిగించి వదలమని చెప్పండి. మాటల్లో పెట్టండి.
4. తరువాత కనీసం 15 నిమిషాలు మీ కళ్లెదుటే ఉంచండి. ముందు కూర్చోబెట్టి, తరువాతే నిలబెట్టండి.

కళ్లు తిరిగితే
ముఖం పాలిపోవడం, చల్లని చెమట, ఆవులింతలు, వికారం తొలి గుర్తులు. వెంటనే చేతి పట్టీ వదులు చేసి, సూది తీసి, దూదితో నొక్కండి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తండి. బట్టలు వదులు చేయండి. వాంతి వచ్చేలా ఉంటే ప్రక్కకు త్రిప్పండి. నాడి, బి.పి. చూస్తూ డాక్టరుగారిని పిలవండి. పూర్తి స్పృహ వచ్చేవరకు నోట్లో ఏమీ పోయవద్దు. కొందరికి ఫిట్స్‌లా కదలికలు రావచ్చు. గట్టిగా పట్టుకోవద్దు, చేతిలో తాళాలు పెట్టవద్దు.

సూది గుచ్చిన చోట
వాపు వస్తే సూది తీసి, చెయ్యి పైకెత్తి గట్టిగా నొక్కండి. కరెంటు షాకులాంటి నొప్పి అంటే నరానికి తగిలిందేమో, వెంటనే తీయండి. ఎర్రని రక్తం ఎగసి సంచి త్వరగా నిండితే ధమని అని అనుమానించి, సూది తీసి కనీసం 10 నిమిషాలు నొక్కి, డాక్టరుగారికి చూపండి.

దాతలకు ఒక మాట
ఆ రోజు నీరు బాగా త్రాగండి. ఆ చేత్తో బరువులెత్తవద్దు, చెట్లు, నిచ్చెనలు ఎక్కవద్దు. దారిలో కళ్లు తిరిగితే మొగమాటపడకుండా బండి ఆపి, నేలమీద పడుకోండి.

ఆ తల్లి ఆపరేషను బాగానే జరిగింది. కానీ కళ్లు తెరవగానే ఆమె చూసింది కొడుకు గడ్డానికి ఉన్న కట్టునే. మరో తల్లికి అలా జరగకూడదు.