నూనె డబ్బా బేరం: కిలో లెక్కా, లీటరు లెక్కా?

భోగాపురం కొట్టుకు ఇద్దరు బ్రోకర్లు వేరుసెనగ నూనె ధర చెప్పారనుకుందాం. ఒకరిది 15 కిలోల డబ్బా, 2,400 రూపాయలు. రెండో వారిది 15 లీటర్ల డబ్బా, 2,250 రూపాయలు. (ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే గాని నేటి ధరవరలు కావు.) డబ్బాకు 150 రూపాయలు కలిసివస్తుందని రెండోది దించుకున్న వర్తకుడు నష్టపోతాడు.

ఎలాగంటే, 30 డిగ్రీల వేడిమిలో లీటరు వేరుసెనగ నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. 15 లీటర్లను 0.91తో హెచ్చిస్తే 13.65 కిలోలు. 2,250ని దానితో భాగిస్తే కిలో 164 రూపాయల 84 పైసలు పడింది. మొదటి డబ్బాలో కిలో 160 మాత్రమే. అంటే చవక అనుకున్న సరుకు 15 కిలోలకు 72 రూపాయలు ఎక్కువ.

పాత రోజుల్లో ఈ పొరపాటుకు అంత తావు లేదు. తూకానికి వీశె, మణుగు. కొలతకు గిద్ద, సోల, తవ్వ. పేర్లే వేరు. (సేరు మాత్రం రెండింటా ఉండి తగవులు పెట్టేది.) 1958 అక్టోబరులో మెట్రిక్ తూనికలు మొదలై, ఆ వెనుక లీటర్లు వచ్చాక, కిలో లీటరు ఒకటేనన్న భ్రమ పాతుకుపోయింది. నీటికి అది సరే. నూనె నీటి మీద తేలే వస్తువు.

చిల్లరకు లెక్క తిరగేయాలి. 15 కిలోలను 0.91తో భాగిస్తే 16.48 లీటర్లు. కిలో 160కి కొన్న సరుకు లీటరు అసలు 145 రూపాయల 60 పైసలే. పక్క కొట్టువాడు లీటరు 150కి ఇస్తుంటే అతడు నష్టానికి అమ్ముతున్నాడని కంగారు పడనక్కరలేదు. డబ్బాకు అంటుకుని పోయే తరుగు మాత్రం ఇందులోంచి తీసేయాలి.

మంచినూనె, కొబ్బరి నూనె కాస్త బరువు. లీటరు 915 గ్రాములకు పైనే. 15 కిలోల డబ్బాకు తేడా సుమారు వంద మిల్లీలీటర్లు. చిల్లరలో పట్టించుకోకపోయినా లారీ సరుకులో పట్టించుకోవాలి. కొబ్బరి నూనె చలికాలపు తెల్లవారుజామున పేరుకుంటుంది కనుక దాన్ని తూచడమే మేలు.

అసలు చిక్కు ఎండతో. డిగ్రీకి వెయ్యి లీటర్ల నూనె సుమారు 0.7 లీటరు పొంగుతుంది. తూకం మారదు, కొలత మారుతుంది. పుష్యమాసపు ఉదయానికీ రోహిణీ కార్తె మధ్యాహ్నానికీ 15 డిగ్రీల తేడా అనుకుంటే, అదే 15 కిలోల డబ్బాలో 170 మిల్లీలీటర్లు పెరిగినట్టు కనిపిస్తాయి. పది టన్నుల ట్యాంకరు 30 డిగ్రీలలో 10,989 లీటర్లు. 40 డిగ్రీలలో మరో 77 లీటర్లు ఎక్కువ. ఆ 77 లీటర్లకు డబ్బు కట్టడమంటే గాలికి కట్టడమే. అందుకే ట్యాంకరు సరుకును వేబ్రిడ్జి తూకం మీదే కొనాలి గాని గజం పుల్ల మీద కాదు.

ప్యాకెట్లలోనూ ఈ కిటుకే నడిచింది. సోయా నూనె లీటరు 21 డిగ్రీల వద్ద 919 గ్రాములైతే, 60 డిగ్రీల వద్ద 893 గ్రాములే. లేబులు మీద చిన్న అక్షరాలతో 60 డిగ్రీలని అచ్చువేస్తే లీటరుకు 26 గ్రాములు మిగులు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 ఆగస్టులో దీన్ని పట్టించుకుంది. ఉష్ణోగ్రత ప్రస్తావన లేకుండా కొలతతో పాటు బరువు కూడా ముద్రించాలని, 2023 జనవరి 15 లోగా లేబుళ్లు సరిచేసుకోవాలని తయారీదార్లకు ఆదేశించింది. కనుక పెట్టెలు దించుకునే ముందు ప్యాకెట్ వెనుక గ్రాములు చదవండి. 910 ఉన్నదీ, అంతకు తగ్గినదీ పక్కపక్కన పెడితే ఒకే ఎత్తులో కనిపిస్తాయి.

డబ్బా సరుకుకైతే ఖాళీ డబ్బాను విడిగా తూచి తీసివేసి, నికర బరువు కిలోలలో బిల్లు మీద రాయించుకోండి.